కారుకు సెరామిక్ కోటింగ్ సొంతంగా వేసుకునే ముందు బోరు నీళ్ల సంగతి చూడాలి

షవర్ రంధ్రాలు సున్నం పట్టి సగం మూసుకుపోతాయి. గీజర్ కాయిల్ తరచూ మార్చాల్సి వస్తుంది. స్టీలు గిన్నెలో నీళ్లు కాస్తే అడుగున తెల్లటి పొర మిగులుతుంది. హైదరాబాద్‌లో బోరు మీద ఆధారపడ్డ అపార్ట్‌మెంట్లలో ఇవి మామూలే. పొద్దున్నే సెల్లార్‌లో కార్లు తుడిచే బకెట్‌లో ఉండేవీ ఆ నీళ్లే. సెరామిక్ కోటింగ్ వేసుకుందామనుకునేవాళ్లు 9హెచ్ గట్టిదనం, అయిదేళ్ల వారంటీ, బానెట్ మీద బొట్లు ముత్యాల్లా జారే వీడియోలు చూసి సీసా ఆర్డర్ పెడతారు. ఆ బకెట్ మాత్రం ఎవరికీ గుర్తు రాదు. కోటింగ్ రెండేళ్లు నిలుస్తుందా, ఆరు నెలలకే బానెట్ నిండా తెల్ల మచ్చలు తేలతాయా అన్నది మన ఊళ్లలో చాలావరకు ఆ బకెట్ మీదే ఉంటుంది.

ఇంతకీ సీసాలో ఏముంటుంది? కారు రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, ఆపైన పారదర్శకంగా క్లియర్ కోట్ ఉంటాయి. అన్నీ కలిపి 100 నుంచి 150 మైక్రాన్ల మందం (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్). మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది కాబట్టి, మొత్తం పెయింటు మందం మహా అయితే రెండు వెంట్రుకలంత. అందులో క్లియర్ కోట్ వాటా దాదాపు 40 మైక్రాన్లు. మెరుపు దానిదే, గీతలు పడేదీ దాని మీదే. సెరామిక్ కోటింగ్ అంటే సిలికా జాతి రెసిన్‌ని ద్రావకంలో కలిపిన ద్రవం. పూయగానే ద్రావకం ఎగిరిపోతుంది. మిగిలిన రెసిన్ గాలిలోని తేమతో చర్య జరిపి, క్లియర్ కోట్‌ని పట్టుకుని గాజులాంటి పలుచని పొరగా గట్టిపడుతుంది. కొన్ని రకాలు పూస్తుంటే అమ్మోనియా ఘాటు వస్తుంది. అవి పాలీసిలజేన్ రకం, గట్టిపడేటప్పుడు అమ్మోనియాని వదులుతాయి. వ్యాక్స్ అయితే ఎండకీ షాంపూకీ కొన్ని వారాల్లో పోతుంది. కోటింగ్ అంత తేలిగ్గా పోదు, తీయాలంటే పాలిష్ పట్టి అరగదీయాల్సిందే. దానికున్న విలువ అదే, తప్పుగా వేసినప్పుడు పడే ఇబ్బందీ అదే.

ఆ పొర ఎంత పలుచనో ఎవరికి వాళ్లే లెక్క కట్టుకోవచ్చు. 30 మిల్లీలీటర్ల సీసాని సుమారు 10 చదరపు మీటర్ల పెయింటు మీద సమంగా పరిస్తే తడి పొర మందం 3 మైక్రాన్లు. అందులో చాలాభాగం ఎగిరిపోయే ద్రావకం. కొంత పూసే గుడ్డ తాగేస్తుంది, ఇంకొంత తుడిచేటప్పుడు పోతుంది. చివరికి కారు మీద నిలిచేది ఒక మైక్రాన్, తరచుగా అంతకన్నా తక్కువ. నాలుగు లేయర్లు, పది లేయర్లు అని చెప్పి రేటు పెంచే ప్యాకేజీలను ఈ లెక్క పక్కన పెట్టి చూడాలి. సొంతంగా వేసుకునేవాళ్లకి రెండో లేయర్ వల్ల నిజంగా ఒరిగేది ఒకటే. మొదటిసారి చెయ్యి తగలని చోట్లు కవర్ అవుతాయి.

9హెచ్ సంగతి కూడా తేల్చుకోవాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. అది పెన్సిల్ పరీక్ష. 6బీ లాంటి మెత్తటి పెన్సిల్ నుంచి 9హెచ్ దాకా వరసగా, 45 డిగ్రీల వాలులో పొర మీద నొక్కి తోస్తారు. ఏ పెన్సిల్ దాకా గీత పడకుండా ఆగిందో ఆ అంకె రాస్తారు. పెన్సిల్ ములుకులో ఉండేది గ్రాఫైట్, బంకమట్టి. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు పూర్తిగా వేరు. దాని మీద 9 అంటే కెంపు, నీలం రాళ్ల స్థాయి. ఆ రెండు తొమ్మిదులకీ సంబంధమే లేదు. మామూలు కిటికీ గాజు మోస్ స్కేలు మీద అయిదున్నర దగ్గర ఉంటే, రోడ్డు దుమ్ములో ఉండే క్వార్ట్జ్ ఇసుక 7 దగ్గర ఉంటుంది. గాజునే గీకే ఇసుకని ఒక మైక్రాన్ పొర ఆపుతుందని ఆశపడకూడదు. రాయి తగిలి పెయింటు లేచిపోవడాన్ని, షాపింగ్ మాల్ పార్కింగ్‌లో పక్క కారు డోరు తగలడాన్ని కోటింగ్ ఆపలేదు. అలాంటి రక్షణ కావాలంటే 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉండే పాలీయురేథేన్ ఫిల్మ్, అంటే పీపీఎఫ్, దానికి పెట్టాల్సినంత డబ్బు పెట్టి వేయించుకోవాలి. విశాఖలాంటి సముద్రపు ఊళ్లలో ఇంకో భ్రమ ఉంది, కోటింగ్ వేస్తే తుప్పు పట్టదని. పెయింటు లేచి రేకు బయటపడిన చోట, బండి కింది భాగంలో కోటింగ్ చేసేదేమీ లేదు. అక్కడ టచప్ పెయింటు, అండర్‌బాడీ కోటింగ్ కావాలి.

మరి కోటింగ్ ఇచ్చేదేమిటి? దుమ్ము, బురద గట్టిగా అతుక్కోవు. కడగడం సులువవుతుంది. పక్షుల రెట్ట, చెట్ల జిగురు, ఆమ్లాలు క్లియర్ కోట్‌ని తాకేలోపు కాస్త సమయం దొరుకుతుంది. రంగు లోతుగా కనిపిస్తుంది. ఈ మాత్రానికే వేసుకోవచ్చు, వేసుకోదగ్గదే.

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వద్దాం. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం లీటరులో కరిగిన ఖనిజాలు, అంటే టీడీఎస్, 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే నీళ్లు దొరక్కపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. బోరు నీళ్లలో 1000 ఉండటం మన దగ్గర వింతేమీ కాదు. కారు కడిగి వదిలేశాక ఒంటి మీద పావు లీటరు నీళ్లు ఆరాయనుకుంటే, 250 మిల్లీగ్రాముల ఖనిజం అక్కడే మిగులుతుంది. వారానికోసారి చొప్పున ఏడాదికి 13 గ్రాములు. దాదాపు రెండు టీస్పూన్ల ఉప్పంత.

కోటింగ్ లేని కారు మీద ఈ నీళ్లు పలుచగా పరుచుకుని ఆరతాయి. కోటింగ్ ఉన్న కారు మీద గుండ్రటి బొట్లుగా నిలుస్తాయి. అందరూ ముచ్చటపడేది ఆ బొట్లనే, ఇబ్బంది వచ్చేదీ వాటితోనే. ఒక బొట్టులో ఉన్న ఖనిజమంతా ఒకే చుక్క చోట పేరుకుని, అంచుల వెంబడి తెల్లటి వలయంలా దిగుతుంది. డోర్ల మీద బొట్టు జారిపోతుంది కాబట్టి అక్కడ మచ్చలు తక్కువ. బానెట్, రూఫ్, డిక్కీ మూత చదునుగా ఉంటాయి, అక్కడ బొట్టు కదలక ఎండకి ఎండిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ముదురు రంగు బానెట్ రేకు 70 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో ఆరిన మచ్చ పైపైన ఆగదు, పొరలోకి కరుచుకుంటుంది. కాల్షియం, మెగ్నీషియం కార్బొనేట్లైతే పలచన చేసిన వెనిగర్‌కి కరుగుతాయి. తెలంగాణ నేల ఎక్కువగా గ్రానైట్ రాయి, ఆ రాతి పొరల్లోంచి వచ్చే నీళ్లలో కరిగిన సిలికా కూడా ఉంటుంది. ఆ మచ్చకి వెనిగర్ పనిచేయదు. చాలామంది వెనిగర్‌తో మూడు నాలుగుసార్లు రుద్ది, కోటింగే నాసిరకమని తిట్టుకుంటారు. అసలు కారణం సంపులో ఉంటుంది.

ఇంకో అలవాటు గురించి చెప్పక తప్పదు. ఆర్‌వో మిషన్ వదిలే వేస్ట్ నీళ్లని బకెట్లో పట్టి బండి కడగడం మంచి పొదుపు అనుకుంటారు. నీళ్లు వృథా చేయకూడదన్న ఆలోచన మెచ్చుకోదగ్గదే, కానీ లెక్క వేరేలా ఉంది. నాలుగు లీటర్లు లోపలికి వెళ్లి ఒక లీటరు మంచినీళ్లుగా, మూడు లీటర్లు వేస్ట్‌గా వస్తే, నాలుగు లీటర్ల ఖనిజం దాదాపు అంతా ఆ మూడు లీటర్లలోకే చేరుతుంది. 800 టీడీఎస్ నీళ్లు 1060 దాటి బయటికి వస్తాయి. గచ్చు కడగడానికి, టాయ్‌లెట్లకి వాడితే చాలు, కారుకి వద్దు. అదే ఇంట్లో ఏసీ పైపు నుంచి కారే నీళ్లు గాలిలోని తేమ చల్లబడి వచ్చినవి, ఖనిజాలు దాదాపు ఉండవు. వేసవిలో ఒక రాత్రికి బకెట్ నిండుతుంది. సన్నటి గుడ్డలో వడకట్టి చివరి కడుగుకి వాడితే మచ్చల బెడద చాలావరకు తీరుతుంది. మంజీరా నీళ్లు వచ్చే ఇళ్లలో చివరి రెండు బకెట్లు అవి వాడినా మేలే.

కాబట్టి ఎంపిక ఇలా మొదలవ్వాలి. మొదట, ఏ నీళ్లు దొరుకుతాయి? టీడీఎస్ మీటర్ చవకగా దొరుకుతుంది, ఆర్‌వో సర్వీసుకి వచ్చే మెకానిక్ దగ్గరా ఉంటుంది. తర్వాత, కారు కడిగేది ఎవరు, రాత్రి నిలిపేది ఎక్కడ? చెట్టు కిందో ఎండలోనో నిలిపి, కడగడం మరొకరికి వదిలేసి, బోరు నీళ్లతోనే గడిపేవాళ్లకి సీసా కోటింగ్ కన్నా సిలికా స్ప్రే నయం. కడిగాక కొట్టి తుడిచేయడమే, మూడు నెలలకోసారి మళ్లీ కొట్టుకోవచ్చు. మచ్చలు పడినా దాంతోపాటే పోతాయి, పాలిషింగ్ టెన్షన్ ఉండదు. నీడలో పార్కింగ్ ఉండి, నెలకి రెండుసార్లైనా సొంతంగా కడుక్కునే ఓపిక ఉంటే ఏడాది రెండేళ్ల రకం సీసా కోటింగ్ బాగుంటుంది. అయిదేళ్లు, ఏడేళ్లు అని రాసినవి మొదటిసారి వేసేవాళ్లు ముట్టుకోకపోవడమే మంచిది. అవి సాధారణంగా త్వరగా గట్టిపడతాయి, చెయ్యి తడబడితే సరిదిద్దుకునే వ్యవధి ఇవ్వవు.

లేబుల్ మీద చూడాల్సింది సంవత్సరాల అంకె కాదు, పూసిన ఎంతసేపటికి తుడవాలో రాసిన నిమిషాలు. దాన్నే ఫ్లాష్ టైమ్ అంటారు. రెండు మూడు నిమిషాలు ఇచ్చే రకం కొత్తవాళ్లకి అనువు. తయారీ తేదీ, ఎంత ఉష్ణోగ్రతలో వేయాలి, సేఫ్టీ డేటా షీటు ఉందా అన్నవీ చూడాలి. రెండు మూడొందలకి దొరికే 9హెచ్ సీసాల్లో ఈ వివరాలేవీ కనిపించవు, వాటి జోలికి పోవద్దు. కొత్త కారు డెలివరీ రోజు కొన్నిచోట్ల ఇంకా ‘టెఫ్లాన్ కోటింగ్’ అని అంటగడుతుంటారు. టెఫ్లాన్ అనే ఆ పదార్థం కరగాలంటేనే 327 డిగ్రీలు కావాలి. పెనం మీద పట్టినట్టు కారు పెయింటు మీద పట్టే దారే లేదు.

ఇక పని విషయం. కోటింగ్ వేసే డీటెయిలింగ్ స్టూడియోలో ఇరవై, ముప్పై వేలు తీసుకుంటున్నారంటే అందులో ఎక్కువ భాగం కోటింగ్‌కి ముందు చేసే పాలిషింగ్ కూలీ. పెయింటు ఎలా ఉంటే కోటింగ్ దాన్ని అలాగే లోపల బంధిస్తుంది. సాలెగూడులాంటి సన్నటి గీతలుంటే అవీ దాని కింద ఉండిపోయి, మెరుపు పెరిగేసరికి ఇంకా తేటగా కనిపిస్తాయి. షోరూం యార్డులో నెలల తరబడి దుమ్ములో నిలబడి, డెలివరీ ముందు హడావిడిగా తుడిచిన కొత్త కారు మీద కూడా ఈ గీతలుంటాయి. సాయంత్రం సెల్‌ఫోన్ టార్చ్ వేసి బానెట్‌ని వాలుగా చూస్తే తెలిసిపోతుంది.

షాంపూతో కడిగాక ఐరన్ రిమూవర్ కొట్టాలి. బ్రేకుల నుంచి, రైలు పట్టాల దగ్గర గాలి నుంచి వచ్చి పెయింటులో గుచ్చుకున్న ఇనుప రేణువులు ఊదారంగులోకి మారి కారిపోతాయి. తెల్ల కారు మీద చూస్తే ఆశ్చర్యమేస్తుంది, అంత శుభ్రంగా ఉన్న డోరు నుంచి ఊదా చారలు దిగుతాయి. తర్వాత క్లే బార్, అంటే పెయింటుకి అతుక్కున్న మురికిని లాగేసే మెత్తటి మట్టి ముద్ద. తడి చేసి మెత్తగా జరిపితే గరగరలాడే చోటు నున్నగా మారడం చేతికి తెలుస్తుంది. దాని తర్వాత డీఏ పాలిషర్‌తో, అంటే తిరుగుతూనే అటూ ఇటూ ఊగే మిషన్‌తో, సన్నటి పాలిష్. రబ్బింగ్ మిషన్ చేత్తో పట్టిన అనుభవం లేనివాళ్లు ఒకే చోట గిర్రున తిరిగే రోటరీ మిషన్ ముట్టకూడదు, అంచుల దగ్గర క్షణంలో క్లియర్ కోట్ తినేస్తుంది. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన ప్యానెల్ వైప్‌తో నూనె జిడ్డంతా తుడవాలి. ఈ పని వదిలేస్తే కోటింగ్ పెయింటుని కాక జిడ్డుని పట్టుకుంటుంది, కొన్ని నెలలకే పోతుంది.

పూయడం నిజానికి అన్నిట్లో చిన్న పని. రెండడుగుల చదరం చొప్పున చేయాలి. చిన్న దిమ్మెకి స్వెడ్ గుడ్డ చుట్టి, ఏడెనిమిది చుక్కలు వేసి, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి నడపాలి. టార్చ్ వెలుతురులో చూస్తుంటే తడి పొర మీద, రోడ్డు మీది వాన నీళ్లలో ఒలికిన డీజిల్‌లా ఇంద్రధనుస్సు రంగులు లేస్తాయి. అవి లేచి చిన్న చిన్న ముత్యాల్లా ముడుచుకునే సమయానికి మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా ఒకసారి, ఇంకో పొడి గుడ్డతో మరోసారి తుడవాలి. ఏదైనా చోట వదిలేస్తే మర్నాటికి జిడ్డు చేతి ముద్రలా నల్లటి మరక మిగులుతుంది. దాన్ని హై స్పాట్ అంటారు. గంటలోపు గమనిస్తే అదే కోటింగ్ రెండు చుక్కలు వేసి రుద్దితే కరిగి కలిసిపోతుంది. తెల్లారాక గమనిస్తే ఆ చోట పాలిష్ పట్టి మళ్లీ వేయడం తప్ప దారి లేదు. అందుకే ఒక డోరు అయ్యాక రెండు పక్కల నుంచీ వెలుతురు వేసి చూసి గానీ రెండో డోరుకి కదలకూడదు. వాడిన గుడ్డలు ఆరితే గాజుపొడి పట్టినట్టు బిరుసెక్కుతాయి, ఉతికి మళ్లీ కారు మీద వాడితే గీతలు పడతాయి. పారేయాలి. మూత తీసిన సీసా కూడా తేమ తగిలి పాడవడం మొదలవుతుంది, మిగిలింది వచ్చే ఏడాదికని దాచడం దండగ.

కాలం కూడా ముఖ్యం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, నీడలో, రేకు చేతికి చల్లగా తగిలేటప్పుడు వేయాలి. మే నెలలో ద్రావకం చూస్తుండగానే ఎగిరిపోతుంది. వానాకాలంలో, కోస్తా ఉక్కపోతలో గాలిలో తేమ ఎక్కువై త్వరగా గట్టిపడుతుంది. ఏం చేసినా తుడిచే వ్యవధి తగ్గుతుంది కాబట్టి అప్పుడు అడుగు చదరం చొప్పునే చేసుకోవాలి. మూసిన షెడ్డులో వద్దు, గాలి ఆడాలి. నైట్రైల్ గ్లౌజులు, ఆవిరిని ఆపే మాస్కు తప్పనిసరి. దుమ్ము మాస్కు సరిపోదు. వేశాక ఒక రోజు నీళ్లు తగలకూడదు, వారం దాకా షాంపూ పెట్టకూడదు.

కొత్త కారైతే పూజ సంగతి ఉంది. పెద్దమ్మ గుడి దగ్గరో, ఇంద్రకీలాద్రి కిందో పూజ చేయించి, బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేసి, కుంకుమ బొట్టు పెట్టడం మనకి ఎంతో ఇష్టమైన ఘట్టం. అది మానక్కర్లేదు. పూజ ముందు జరిపించి, కోటింగ్ తర్వాత పెట్టుకుంటే సరి. తడి పసుపు తెల్ల పెయింటు మీద పచ్చటి నీడ వదిలినా భయపడక్కర్లేదు, ఎండ తగిలేకొద్దీ ఆ రంగు వెలిసిపోతుంది. పాడయ్యేది ఎండిన పసుపుని గోరుతోనో పొడి గుడ్డతోనో గీకినప్పుడు. తడి గుడ్డ కాసేపు పరిచి, మెత్తబడ్డాక ఎత్తెయ్యాలి. కుంకుమలో ఈమధ్య కృత్రిమ రంగులు కలుస్తున్నాయి కాబట్టి అది మటుకు ఆ సాయంత్రమే కడగాలి. దసరాకి కోటింగ్ ఉన్న కారుకైతే బొట్లు అద్దం మీద, నంబర్ ప్లేటు మీద పెడితే ఏ బాధా లేదు.

తర్వాత రోజువారీ సంగతి. ఒక బకెట్ నీళ్లు, ఒక గుడ్డతో పది కార్లు తుడిచే పద్ధతి మన అపార్ట్‌మెంట్లలో పాతుకుపోయింది. మొదటి కారు దుమ్ములోని ఇసుక పదో కారు మీద గీతలు గీస్తుంది. తుడిచే మనిషిని తప్పుపట్టే పని లేదు, తెల్లారేలోపు అన్ని కార్లు ముగించాల్సిన ఉద్యోగం అతనిది. చేయాల్సింది ఓనరే. రోజూ తుడవొద్దని, అద్దాలు మాత్రం తుడిస్తే చాలని, జీతం తగ్గించబోమని చెప్పాలి. కోటింగ్ ఉన్న కారు మీద దుమ్ము పల్చగా ఉంటే చూడ్డానికి తప్ప ఇంకే నష్టమూ లేదు. పొడి ఈక కుంచెతో దులపడం, దుమ్ము మీదే కవర్ కప్పడం నిజంగా నష్టం చేస్తాయి. గాలికి కవర్ కదిలిన ప్రతిసారీ అది ఇసుక కాగితమే.

కడిగే రోజున ముందు నీళ్లు పోసి దుమ్ముని వదిలించాలి. షాంపూ ఒక బకెట్లో, గుడ్డ జాడించుకోవడానికి నీళ్లు ఇంకో బకెట్లో పెట్టుకుని, పై నుంచి కిందికి, గుండ్రంగా తిప్పకుండా నేరుగా నడపాలి. పీహెచ్ తటస్థంగా ఉండే కారు షాంపూ వాడాలి, గిన్నెల సబ్బు కాదు. నీళ్లు ఆరకముందే మందపాటి మైక్రోఫైబర్ తువ్వాలుతో అద్దాలి. ఎండలో కడగకూడదు. బోరు నీళ్లు తప్ప గతిలేని ఇళ్లలో ఒక ప్యానెల్ కడిగి, అది ఆరబెట్టాకే రెండోదానికి వెళ్లాలి. మొదటి వాన జల్లుకి తడిసిన కారుని కూడా వదిలేయకూడదు, ఆ జల్లు గాలిలోని దుమ్మునంతా దించి బొట్లుగా నిలబెడుతుంది. పావురాల రెట్ట కనిపిస్తే అదే పూట తీయాలి. ఎండకి మెత్తబడిన క్లియర్ కోట్ రెట్ట చుట్టూ వ్యాకోచించి, సాయంత్రం చల్లబడి బిగుసుకున్నప్పుడు ఆ ఆకారంలోనే గుంత పడుతుంది. కోటింగ్ ఉంటే కొన్ని గంటలు కలిసొస్తాయి, అంతే. కానుగ, వేప చెట్ల కింద పడే జిగురుకీ ఇదే వర్తిస్తుంది.

ఎనిమిది, పది నెలలకి బొట్లు నిలవడం మానేసి నీళ్లు పరుచుకుంటుంటే కోటింగ్ పోయిందని తేల్చేస్తారు. చాలాసార్లు అది పోయి ఉండదు, దాని మీద రోడ్డు జిడ్డు, సున్నం పొర కప్పేసి ఉంటాయి. బానెట్‌కి నడుమ మాస్కింగ్ టేపు వేసి, ఒక సగాన్ని ఐరన్ రిమూవర్‌తోను, తర్వాత మచ్చలు తీసే ఆమ్ల షాంపూతోను కడిగి, మంచినీళ్లు చల్లి చూడాలి. శుభ్రం చేసిన సగం మీద బొట్లు మళ్లీ నిలిస్తే కోటింగ్ బతికే ఉంది, కారంతా అలాగే కడిగి పైన సిలికా స్ప్రే కొడితే మూడు నెలలు గడుస్తుంది. రెండు సగాలూ ఒకేలా పరుచుకుంటేనే కొత్త కోటింగ్ గురించి ఆలోచించాలి. అప్పుడు కూడా గీతలు లేని చోట పాలిష్ మిషన్ పెట్టకుండా, ప్యానెల్ వైప్ తర్వాత నేరుగా వేసుకోవచ్చు. గట్టి కాంపౌండ్‌తో, అంటే గరుకు పాలిష్‌తో, ఒకసారి రబ్బింగ్ చేస్తే రెండు మూడు మైక్రాన్లు పోతాయి, సన్నటి పాలిష్‌కి ఒక మైక్రాన్. ఏటా రబ్బింగ్ చేయిస్తూ పోతే, ఒక మైక్రాన్ పొర వేయడానికి మళ్లీ తిరిగిరాని క్లియర్ కోట్‌లోంచి రెండు మూడు మైక్రాన్లు తీసేసినట్టవుతుంది.